యుఎస్ఎస్ కైరో: 12 నిమిషాల్లో మునిగి, నూరేళ్ల తర్వాత పైకి తేలిన కవచ నౌక

మీరు మూడు సంగతులు అడిగారు. అమెరికా అంతర్యుద్ధంలో రెండున్నర అంగుళాల ఇనుప కవచం తొడుక్కున్న ‘యుఎస్ఎస్ కైరో’ అనే యుద్ధనౌకను గాజు సీసాలో నింపిన తుపాకి మందు ఎలా ముంచగలిగింది? విద్యుత్తుతో పేల్చిన మందుపాతరకు బలైన మొట్టమొదటి ఓడ అదేనన్న మాట నిజమేనా? ఇప్పుడు మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో సందర్శకులు చూస్తున్నది అసలు ఓడా, తర్వాత కట్టిన నమూనానా? ముందు క్లుప్తంగా చెబుతాను. కవచం ఉన్నది ప్రధానంగా నీటికి పైన, పేలుడు జరిగింది నీటి కింద. విద్యుత్తు మాట చాలాచోట్ల పాతుకుపోయింది గాని, ఆ మందుపాతరను పెట్టించిన అధికారి స్వయంగా రాసిన వివరం దానికి అడ్డు వస్తోంది. విక్స్‌బర్గ్‌లో ఉన్నది అసలు ఓడే, కాకపోతే అందులో మిగిలినంత మేరకే. ఓడల నిర్మాణంలో ఉద్యోగజీవితం గడిపినవాణ్ణి కాబట్టి ఈ మూడో ప్రశ్న నాకు మిగతా రెండిటికన్నా దగ్గరిది. దాని దగ్గర కొంత ఎక్కువసేపు ఆగుతాను.

1861లో యుద్ధం మొదలయ్యేసరికి ఉత్తరాది ప్రభుత్వానికి సముద్రంతో పాటు నదులు కూడా పెద్ద సమస్య అయ్యాయి. మిసిసిపీ నది పొడవునా తమ చేతికి వస్తే విడిపోయిన రాష్ట్రాల దక్షిణాది కూటమి నిలువునా రెండు ముక్కలవుతుంది. టెక్సాస్, అర్కాన్సా, పశ్చిమ లూసియానాల నుంచి తూర్పుకు వెళ్లే ధాన్యం, పశువులు, మనుషులు ఆగిపోతారు. కాని సముద్రంలో తిరిగే యుద్ధనౌకలకు కావలసినంత లోతు ఆ ఉపనదుల్లో లేదు. పైగా నదికి రెండు పక్కలా గట్ల మీద నిలబెట్టిన ఫిరంగులు అతి దగ్గర నుంచి కాలుస్తాయి కనుక మామూలు చెక్క స్టీమర్లు వాటి ముందు నిలబడలేవు. కావలసిన ఓడ ఆరడుగుల నీటిలో తేలాలి, గట్టు మీది ఫిరంగికి ఎదురొడ్డాలి, ఏటి వాలుకు ఎదురు నడవాలి. ఒక్క ఓడలో ఈ మూడు గుణాలూ కుదర్చడం ఎంత కష్టమో ఓడలు గీసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ పనికి ముందుకొచ్చినవాడు సెయింట్ లూయిస్ నగరానికి చెందిన జేమ్స్ ఈడ్స్. మిసిసిపీలో మునిగిపోయిన పడవల నుంచి సరుకు పైకి తీసే వ్యాపారంలో ధనం, పేరు రెండూ సంపాదించినవాడు. గాలి నింపిన గంటలాంటి పరికరంలో దిగి ఆ నది అడుగున స్వయంగా నడిచినవాడు. 1861 ఆగస్టు 7న ఆయన ఏడు కవచ నౌకలు కట్టి ఇవ్వడానికి ఒప్పందం రాసుకున్నాడు. ఒక్కొక్కటి 89,600 డాలర్లు, గడువు 65 రోజులు. ఓడ ఆకారాన్ని శామ్యూల్ పుక్, ఆవిరి యంత్రాలను థామస్ మెరిట్ రూపొందించారు. వాలు గోడలతో నీటి మీద బోర్లించినట్టుండే ఆ ఆకారాన్ని చూసి జనం వాటిని ‘పుక్ తాబేళ్లు’ అన్నారు. నాలుగింటిని సెయింట్ లూయిస్ పక్కనే ఉన్న కారొండెలెట్‌లో, మూడింటిని ఇల్లినాయ్ రాష్ట్రంలోని మౌండ్ సిటీలో కట్టారు. కైరో ఈ రెండో చోట పుట్టినది. ఏడింటికీ నదీతీర పట్టణాల పేర్లే పెట్టారు. మన ఓడ పేరు ఈజిప్టు రాజధానిది కాదు, ఒహైయో నది మిసిసిపీలో కలిసే చోట ఉన్న చిన్న పట్టణానిది. గడువు తప్పింది, ప్రభుత్వం చెల్లింపులూ తప్పాయి, ఖర్చు ఒప్పందాన్ని దాటింది. అయినా 1862 జనవరి నాటికి ఆ దళం సిద్ధమైంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. అమెరికాలో కవచ నౌకల యుద్ధం అనగానే 1862 మార్చి 9న హాంప్టన్ రోడ్స్‌లో ఉత్తరాది ఓడ మానిటర్, దక్షిణాది ఓడ వర్జీనియాల మధ్య జరిగిన పోరే గుర్తుకొస్తుంది. కవచ నౌక కవచ నౌకతో తలపడిన తొలి సందర్భం అది, నిజమే. కాని ఈడ్స్ కట్టిన ఓడల్లో మొదటిది 1861 అక్టోబరులోనే నీటిలో దిగింది. ఆ దళం 1862 ఫిబ్రవరి 6న టెనెసీ నది మీద ఫోర్ట్ హెన్రీ అనే దక్షిణాది కోటను లొంగదీసుకుంది. అంటే అమెరికా కవచ నౌకలు మానిటర్ కంటే నెల ముందే యుద్ధం చూశాయి. నదుల మీది ఈ దళానికి ఆ తర్వాతి చరిత్రలో తగినంత చోటు దక్కలేదని నా అభిప్రాయం.

ఇక కవచం సంగతి. కైరో పొడవు 175 అడుగులు, వెడల్పు 51 అడుగుల చిల్లర, నీటిలో దిగే లోతు ఆరు అడుగులు, బరువు 512 టన్నులు. అందులో ఇనుప కవచం బరువే 122 టన్నులు. మొత్తం 13 ఫిరంగులు: మూడు ఎనిమిది అంగుళాలవి, మూడు 42 పౌన్ల గుండు వేసేవి, ఆరు 32 పౌన్లవి, ఒకటి 30 పౌన్ల ప్యారట్ అనే రకం ఫిరంగి. ఓడను తోసేది వెనకవైపు గోడల మధ్య దాచిన పెద్ద తెడ్డు చక్రం. ఆరడుగుల లోతులో తేలాలన్న షరతు వల్ల మోయగల బరువుకు హద్దు ఏర్పడింది. ఆ హద్దు లోపల ఇనుమును ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మానాలి అన్నది ఎంచుకోక తప్పలేదు. శత్రువుకు ఎదురుగా ముందుకు పోయేటప్పుడు దెబ్బ తగిలేది అణియానికి, అంటే ఓడ ముందు కొసకు కాబట్టి ముందు గోడకు, బాయిలర్లూ యంత్రాలూ ఉన్న మధ్యభాగపు పక్క గోడలకు, సరంగు నిలబడే గదికి ఇనుప పలకలు వేశారు. వాటి వెనక దట్టమైన ఓక్ దుంగలు. కవచం చాలని చోట్ల రైలు పట్టాలు కూడా బిగించారు. అమరం, అంటే వెనక కొస వైపు పలకలు లేవు. నీటి కింద ఉండే అడుగుభాగం వట్టి చెక్క.

ఆ ఎంపికలోని లోపాలు కైరో మునగక ముందే బయటపడ్డాయి. 1862 ఫిబ్రవరి 14న ఫోర్ట్ డొనెల్సన్ దగ్గర ఎత్తైన గట్టు మీది ఫిరంగులు పైనుంచి కిందికి కాల్చినప్పుడు వాలు గోడల ప్రయోజనం పోయింది. గుండ్లు కప్పును చీల్చుకుని లోపలికి వచ్చాయి. ఇంకా దారుణమైనది జూన్ 17న అర్కాన్సాలోని వైట్ నది మీద జరిగింది. కైరోతో పాటు అదే చోట పుట్టిన మౌండ్ సిటీ అనే ఓడ గోడను ఒకే ఒక్క గుండు దూసుకుపోయి ఆవిరి డ్రమ్మును పగలగొట్టింది. లోతు తక్కువ కావడంతో బాయిలర్లను నీటిమట్టం కిందికి పూర్తిగా దించలేరు. అవి మనుషులున్న చోటనే ఉంటాయి. నాలుగు పక్కలా మూసుకుపోయిన ఆ ఇనుప గదిలోకి మరిగే ఆవిరి కమ్ముకుని నూరుమందికి పైగా ప్రాణాలు తీసింది. కవచం మనుషుల్ని కాపాడిందని చెప్పేటప్పుడు, అదే కవచం వాళ్లను బయటికి పోనివ్వలేదన్న సంగతి కూడా చెప్పాలి.

కైరో యుద్ధ చరిత్ర చిన్నది. నతానియల్ బ్రయంట్ అనే అధికారి కింద అది ఫోర్ట్ హెన్రీకీ వెళ్లలేదు, ఫోర్ట్ డొనెల్సన్‌కూ వెళ్లలేదు. క్లార్క్స్‌విల్, నాష్‌విల్ పట్టణాల ఆక్రమణలో సైన్యానికి తోడుగా నిలిచింది. మే 10న ప్లమ్ పాయింట్ దగ్గర, జూన్ 6న మెంఫిస్ దగ్గర జరిగిన నదీ యుద్ధాల్లో పాల్గొంది. అంతవరకు సైన్యం అజమాయిషీలో ఉన్న ఈ దళం 1862 అక్టోబరు 1న నౌకాదళం చేతికి వచ్చింది. దానికి కొద్దిగా ముందే ఓడకు కొత్త అధిపతి వచ్చాడు. ఆయన థామస్ సెల్‌ఫ్రిడ్జ్. వయసు 26.

సెల్‌ఫ్రిడ్జ్ గురించి ఒక్క విషయం తెలియకపోతే ఆ డిసెంబరు రోజు అర్థం కాదు. ఆ సంవత్సరం మార్చి 8న హాంప్టన్ రోడ్స్‌లో దక్షిణాది కవచ నౌక వర్జీనియా, చెక్క ఓడ కంబర్‌ల్యాండ్‌ను ఢీకొట్టి ముంచినప్పుడు ఆయన అందులో అధికారి. ఫిరంగులు కాలుస్తుండగానే గుండ్లు కవచం మీద జారిపోవడం కళ్లారా చూశాడు. నూరుమందికి పైగా సహచరులు ఓడతో పాటు మునిగిపోవడం చూశాడు. తర్వాత కొద్ది రోజులు మానిటర్‌కే నాయకత్వం వహించాడు. చెక్క ఓడ కవచం ముందు ఎంత నిస్సహాయమో ఆయనకు తెలిసినంతగా ఆ దళంలో మరెవరికీ తెలియదు. కవచం చుట్టూ ఉన్న ఓడలో నిలబడ్డప్పుడు ఆయనకు కలిగిన ధైర్యం అక్కడి నుంచే వచ్చిందని నేను నమ్ముతాను. ఇది నా ఊహ. ఆయన రాసిన మాట కాదు.

అవతలి పక్కన ఐజాక్ బ్రౌన్ అనే దక్షిణాది అధికారి ఉన్నాడు. యాజూ నది మీద యాజూ సిటీ దగ్గర ‘అర్కాన్సా’ అనే కవచ నౌకను నానా తంటాలు పడి పూర్తిచేసి, జులై 15న ఉత్తరాది దళం మధ్యలోంచి దాన్ని దక్షిణాది చేతిలో ఉన్న విక్స్‌బర్గ్ దాకా నడిపించిన సాహసి. ఆగస్టు 6న ఆ ఓడ యంత్రాలు మొరాయిస్తే సొంత సిబ్బందే దానికి నిప్పుపెట్టారు. ఓడ పోయింది, కాని యాజూ నదిని కాపాడే బాధ్యత పోలేదు. ఆ నది విక్స్‌బర్గ్‌కు కొద్ది ఎగువన మిసిసిపీలో అప్పట్లో కలిసేది; దాని వెంట పైకి వస్తే పట్టణానికి ఉత్తరపు కొండల దగ్గర సైన్యాన్ని దింపవచ్చు. ఓడలు లేని బ్రౌన్ దగ్గరికి జెకడయా మెక్‌డేనియల్, ఫ్రాన్సిస్ యూయింగ్ అనే ఇద్దరు మందుపాతరల ఆలోచనతో వచ్చారు.

ఇక్కడే మీ రెండో ప్రశ్నకు జవాబు ఉంది. యుద్ధం ముగిసి చాలా ఏళ్లయ్యాక బ్రౌన్ ఆ మందుపాతర తయారీని సూటిగా వివరించాడు. తమ దగ్గర సామగ్రి ఏమీ లేక ఐదు గాలన్ల గాజు బుడ్డిని అరువు తెచ్చామని, సైన్యం దగ్గర తుపాకి మందు, ఫిరంగిని అంటించే రాపిడి గొట్టం తీసుకున్నామని, సన్నని ఇనుప తీగను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కట్టి, మధ్యలో నీటికి కొన్ని అడుగుల లోతున ఆ బుడ్డిని వేలాడదీశామని, ఓడ తీగకు తగలగానే గొట్టం అంటుకునేలా అమర్చామని రాశాడు. ఐదు గాలన్లంటే సుమారు 19 లీటర్లు. ప్రయోగశాలలకు యాసిడ్ వచ్చే పెద్ద గాజు బుడ్డిని ఊహించుకోండి. రాపిడి గొట్టం అంటే రాగి గొట్టంలో రాపిడికి మండే పదార్థం పెట్టి, గరుకైన తీగను లాగితే నిప్పు పుట్టే చిన్న సాధనం. అప్పట్లో ఫిరంగుల దళాలన్నిటికీ అది నిత్యం వాడే వస్తువు. ఇందులో బ్యాటరీ లేదు, విద్యుత్తు లేదు.

మరి విద్యుత్తు మాట ఎక్కడి నుంచి వచ్చింది? గట్టు మీద దాక్కున్న మనుషులు తీగల ద్వారా మందుపాతరను పేల్చారన్న వర్ణన తొలినాళ్ల నుంచీ ఉంది. తీగ అంటే విద్యుత్తు తీగ అనుకోవడం తర్వాతి కాలం పాఠకులకు సహజం. తీగకు ఓడే తగిలిందా, గట్టు మీంచి మనిషి లాగాడా అన్నది వాదించుకోవచ్చు. రెండింటికీ రాపిడి గొట్టం సరిపోతుంది. చేతిలో సామగ్రి లేదని ఒప్పుకుంటున్న అధికారి తన గొప్ప తగ్గించుకుని మరీ అబద్ధం రాయడానికి కారణం నాకు కనిపించదు. అందుకే కైరోను ‘విద్యుత్తు మందుపాతరకు బలైన తొలి ఓడ’ అని రాసేవాళ్లు ఆ వాక్యాన్ని మానుకోవడం మంచిదని నా సలహా. నిజంగా విద్యుత్తుతో పేల్చిన మందుపాతరకు తిరుగులేని ఉదాహరణ కావాలంటే 1864 మే 6న వర్జీనియాలోని జేమ్స్ నదిలో ముక్కలైన ‘కమడోర్ జోన్స్’ అనే ఉత్తరాది ఓడ ఉంది. గట్టు మీంచి బ్యాటరీతో పేల్చిన ఆ మందుపాతరలో సుమారు 2,000 పౌన్ల మందు ఉంది. బుడ్డిలో పట్టే మందుతో దానికి పోలికే లేదు. ఆ రోజుల్లో నీటి మందుపాతరలన్నిటినీ ‘టార్పెడో’ అనే పిలిచేవారు కాబట్టి పాత పత్రాల్లో ఆ పేరు కనిపిస్తే ఈదుకుంటూ వచ్చే ఆయుధం అనుకోకండి.

1862 డిసెంబరు 11న మార్మోరా, సిగ్నల్ అనే రెండు తేలికపాటి పడవలు యాజూలోకి వెళ్లి, నీటి మీద అనుమానాస్పదంగా తేలుతున్న వస్తువులను చూశాయి. ఒకదాన్ని తుపాకితో కాలిస్తే అది పేలింది. మర్నాడు వాటిని ఏరివేయడానికి ఐదు ఓడలు బయల్దేరాయి: ఆ రెండు పడవలతో పాటు క్వీన్ ఆఫ్ ది వెస్ట్ అనే ఢీకొట్టే ఓడ, కైరో, దాని తోబుట్టువు పిట్స్‌బర్గ్. మందుపాతరల మధ్యకు ఓడల్ని పోనివ్వవద్దన్న హెచ్చరిక పైఅధికారి హెన్రీ వాక్ నుంచి ముందే ఉంది. ముందు నడుస్తున్న మార్మోరా ఒక మలుపు దగ్గర ఆగి తుపాకులు కాల్చింది. గట్టు మీది శత్రువు ఆ పడవ మీద కాలుస్తున్నాడని భావించిన సెల్‌ఫ్రిడ్జ్ కైరోను ముందుకు తెచ్చాడు. తీరా చూస్తే వాళ్లు కాల్చింది నీటి మీద తేలుతున్న ఒక వస్తువును. ఆయన తన ఓడ నుంచి చిన్న పడవను దింపి దాన్ని పరిశీలింపజేశాడు. ఈలోగా కైరో అణియం వాలుకు గట్టు వైపు తిరిగింది. దాన్ని సరిచేయడానికి కాస్త వెనక్కి తీసి, మార్మోరాను ముందుకు నడవమని చెప్పి, తన ఓడనూ ముందుకు కదిలించాడు.

తెడ్డు చక్రం అరడజను చుట్లు తిరిగిందో లేదో రెండు పేలుళ్లు వెంటవెంటనే వినిపించాయి. ఒకటి ఎడమ పక్క వెనకభాగం దగ్గర, రెండోది అణియం కింద ఎడమవైపు. రెండో పేలుడు తాకిడికి ఆ చోట ఉన్న ఫిరంగులు ఓడ డెక్కు మీంచి పైకి లేచాయని ఆయన తన నివేదికలో రాశాడు. రెండు మూడు నిమిషాల్లో ముందు భాగం మీదికి నీళ్లెక్కాయి. ఆవిరి పంపులు, చేతి పంపులు రెండూ పెట్టినా ప్రయోజనం లేకపోయింది. ఓడను గట్టు వైపు తోసి, మోకు విసిరి ఒక చెట్టుకు కట్టారు. ఆ మోకు ఓడను ఆపలేకపోయింది. అది జారుకుంటూ లోతుకు పోయి, 12 నిమిషాల్లో సుమారు 36 అడుగుల లోతు నీటిలో మునిగింది. క్వీన్ ఆఫ్ ది వెస్ట్ పక్కకు వచ్చి సిబ్బందిని ఎక్కించుకుంది. ఒక్క ప్రాణం కూడా పోలేదు. మౌండ్ సిటీ ఓడలో జరిగినదాన్ని తలచుకుంటే ఇది ఎంత పెద్ద అదృష్టమో తెలుస్తుంది. నీటి పైన కనిపిస్తున్న పొగగొట్టాల చివరలను శత్రువుకు ఆనవాలు దొరక్కుండా పడగొట్టేశారు. తర్వాతి కాలంలో ఓడ ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా పోవడానికి అదీ ఒక కారణం.

సెల్‌ఫ్రిడ్జ్‌పై విచారణ జరగలేదు. దళాధిపతి డేవిడ్ పోర్టర్ దీన్ని ఉత్సాహం ఎక్కువైన అధికారికి యుద్ధంలో ఎదురయ్యే ప్రమాదంగా చూసి, ఆయనకు ‘కొనెస్టోగా’ అనే మరో ఓడను అప్పగించాడు. 1864 మార్చిలో తమ దళానికే చెందిన మరో ఓడ ఢీకొని అదీ మునిగింది. అయినా ఆయన ఉద్యోగంలో కొనసాగి, 1870లలో పనామా భూసంధి దగ్గర కాలువ దారి సర్వేలకు నాయకత్వం వహించి, చివరికి రియర్ అడ్మిరల్‌గా విరమించాడు. నా తీర్పు అడిగితే, హెచ్చరిక ఉండి కూడా కదలడం తప్పే. కాని కళ్లముందున్న ఆయుధం ఎలా పనిచేస్తుందో ఆనాటి నౌకాధికారుల్లో ఎవరికీ తెలియదన్నదీ గుర్తుంచుకోవాలి. ఆ ఓడ పోయినా యాజూలో పని ఆగలేదు. మందుపాతరలను చిన్న పడవల నుంచి ఏరివేశారు. ఉత్తరాది జనరల్ షెర్మన్ సైన్యం అదే నెలాఖరులో చికాసా బయూ దగ్గర దిగి ఓడిపోయింది. విక్స్‌బర్గ్ 1863 జులై 4న గాని లొంగలేదు. ఆ తర్వాత తొమ్మిది రోజులకే ‘బారన్ డికాల్బ్’ అనే మరో ఈడ్స్ ఓడ ఇదే యాజూలో ఇదే రకం ఆయుధానికి మునిగింది.

ఇప్పుడు మూడో ప్రశ్నకు వస్తాను. యాజూ ఒండ్రు కైరో మీద పేరుకుపోయింది. గాలి సోకని బురదలో చెక్కను తినే జీవులు బతకవు, ఇనుము నెమ్మదిగా తుప్పు పడుతుంది. అందుకే లోపలి వస్తువులు ఉన్నవి ఉన్నట్టు మిగిలాయి. 1956 నవంబరులో విక్స్‌బర్గ్ జాతీయ సైనిక పార్కు చరిత్రకారుడు ఎడ్విన్ బేర్స్, భూగర్భ శాస్త్రవేత్త వారెన్ గ్రబో, పార్కు ఉద్యోగి డాన్ జాక్స్ కలిసి చిన్న పడవలో బయల్దేరారు. బేర్స్ రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో తీవ్రంగా గాయపడి బతికిన మెరీన్ సైనికుడు. వాళ్ల చేతిలో ఉన్నవి పాత నివేదికలు, పటాలు, జేబులో పట్టే దిక్సూచి, పొడవాటి ఇనుప చువ్వలు. నీటి అడుగున పెద్ద ఇనుప రాశి ఉంటే దిక్సూచి ముల్లు చెదురుతుంది. ముల్లు చెదిరిన చోట చువ్వను ఒండ్రులోకి దింపారు. అది గట్టిగా తగిలింది. 1959లో డైవర్లు దిగి అది కైరోయే అని తేల్చారు. 1960లో సరంగు గదిని, దానితో పాటు ఎనిమిది అంగుళాల ఫిరంగి ఒకదాన్ని దాని ఓక్ బండితో సహా పైకి తెచ్చారు. ఆ బండి కొయ్య చెక్కుచెదరలేదు. అది చూశాక ఓడ మొత్తాన్నీ లేపాలన్న కోరిక ఆ ఊళ్లో ఆగలేదు.

1964లో మూడు అంగుళాల మందం ఉన్న ఉక్కు మోకులను ఓడ అడుగు కిందుగా దూర్చి, తేలే క్రేన్లతో ఎత్తి, ముంచి ఉంచిన బార్జీ (బల్లపరుపు సరుకు పడవ) మీదికి చేర్చాలని ఏర్పాటు చేశారు. అక్టోబరులో ఎత్తబోతే మోకులు చెక్కలోకి దిగి ఓడను కోసేశాయి. ఎందుకలా జరిగిందో ఓడల పని తెలిసినవాడిగా చెబుతాను. నీటిలో ఉన్నంతసేపు ఆ నీరే బరువును చాలావరకు మోస్తుంది. పైకి వచ్చే కొద్దీ ఆ ఆసరా తగ్గుతుంది, కవచం, బాయిలర్లు, లోపలి ఒండ్రు, చెక్క పీల్చుకున్న నీరు అన్నీ కలిసి నిజమైన బరువుగా మారతాయి. ఆ బరువంతా మోకు ఆనిన సన్నని గీత మీద పడుతుంది. నూరేళ్లు నానిన చెక్కకు అడ్డంగా నొక్కితే తట్టుకునే శక్తి ఎంతో కొంత పోయి ఉంటుంది. పైగా కైరో హడావుడిగా కట్టిన బల్లపరుపు అడుగు ఓడ. సముద్రపు ఓడలకు ఉండే లోతైన వెన్ను దానికి లేదు.

దానికి మూడేళ్ల ముందే స్వీడన్‌లో 1628 నాటి వాసా ఓడను కూడా మోకులతోనే లేపారు. కాని వాళ్లు మొదట నీటి లోపలే కొద్దికొద్దిగా ఎత్తి, అంచెలంచెలుగా లోతు తక్కువ చోటికి జరిపి, డైవర్లతో చిల్లులు మూయించి, ఆఖరి ఘట్టంలో మాత్రమే గాలిలోకి తెచ్చారు. తర్వాత ఏళ్ల తరబడి పాలిథిలిన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థపు ద్రావణాన్ని చిమ్ముతూ చెక్క కణాల్లోని నీటి స్థానంలో దాన్ని నింపారు. విక్స్‌బర్గ్ వాళ్ల దగ్గర అంత డబ్బూ లేదు, అంత సమయమూ లేదు. ఓడను కాపాడుకోవాలన్న తపన నిండుగా ఉన్న ఒక ఊరు, ఒక కౌంటీ, ఒక రాష్ట్రం చేతనైనంత చేశాయి. నేను వాళ్లను తప్పుపట్టను. ఆ రోజుల్లో ఇంత పెద్ద తడి చెక్కను ఎలా సంరక్షించాలో అనుభవం ప్రపంచంలోనే కొద్దిమందికి ఉండేది.

కైరోను మోకులు కోసేశాక విక్స్‌బర్గ్ వాళ్లకు మిగిలిన దారి ఒక్కటే: ఓడను మూడు ముక్కలుగా కోసి తీయడం. డిసెంబరు నాటికి, అంటే మునిగి సరిగ్గా 102 ఏళ్లయ్యే వేళకు, ఆ ముక్కలు బార్జీల మీద విక్స్‌బర్గ్ చేరాయి. 1965లో వాటిని పాస్కగూలాలోని ఇంగాల్స్ నౌకానిర్మాణశాలకు తరలించారు. కవచపు పలకలను విప్పి, శుభ్రంచేసి భద్రపరిచారు. యంత్రాలను, బాయిలర్లను బాగుచేశారు. చెక్క ఎండి ముడుచుకుపోకుండా నీళ్లు చిమ్ముతూ ఉంచారు. నిధులు అందక ఆ దశ ఏళ్ల తరబడి సాగింది. ఆ నిరీక్షణలో పోయిన చెక్క ఎత్తేటప్పుడు పోయినదానికి తక్కువేమీ కాదు. 1972లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఓడను జాతీయ పార్కులను చూసుకునే నేషనల్ పార్క్ సర్వీస్‌కు అప్పగించే వీలు కల్పించింది. 1977లో ముక్కలు విక్స్‌బర్గ్ పార్కుకు తిరిగివచ్చాయి. కాంక్రీటు దిమ్మె మీద, కొత్త చెక్కతో చేసిన అస్థిపంజరం ఆధారంగా పాత భాగాలను వాటి వాటి స్థానాల్లో బిగించారు. పక్కనే కట్టిన మ్యూజియం 1980 నవంబరులో తెరిచారు.

కాబట్టి మీరు అక్కడికి వెళితే ఏది పాతది, ఏది కొత్తదో విడదీసి చూడండి. ఇనుప పలకలు, ఫిరంగులు, బాయిలర్లు, ఆవిరి యంత్రాలు, తెడ్డు చక్రం ఇరుసు, అణియం వైపు గోడకు బిగించిన రైలు పట్టాలు 1862లో యాజూలో మునిగినవే. ఖాళీలను పూరిస్తూ ఆకారం మాత్రమే చూపే నున్నని దూలాలు కొత్తవి. మోకులు ఎక్కడ కోశాయో, ముక్కలను ఎక్కడ కలిపారో గైడును అడిగితే చూపిస్తాడు. మ్యూజియంలో నావికుల పళ్లేలు, చెంచాలు, బూట్లు, మందు సీసాలు ఉన్నాయి. 12 నిమిషాల్లో ఓడ దిగాల్సి రావడంతో ఎవరూ ఏమీ సర్దుకోలేదు, అందుకే ఆనాటి నది నౌకల నిత్యజీవితం గురించి ఇంత పూర్తి సామగ్రి మరోచోట దొరకడం కష్టం. ఈడ్స్ కట్టిన ఏడు ఓడల్లో ఇవాళ కళ్లతో చూడగలిగేది ఇదొక్కటే. యుద్ధం ముగిసేదాకా నిలిచినవి ఆ తర్వాత అమ్ముడుపోయాయి. ఓడ మీద కప్పు ఉంది గాని చుట్టూ గోడలు లేవు. మిసిసిపీ ఎండకు, తేమకు పాత చెక్క ఇంకా తరుగుతూనే ఉంది. అసలు దూలాలను దగ్గర నుంచి చూడాలనుకుంటే ఆ ప్రయాణాన్ని మరీ వాయిదా వేసుకోవద్దు.